విమానం నడపడం రానివారికి ఎయిర్ పట్రోల్‌లో చోటుందా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. గ్రీన్‌కార్డుపై అమెరికాలో స్థిరపడ్డాను. మా అబ్బాయి సివిల్ ఎయిర్ పట్రోల్‌లో కేడెట్. అందులో పెద్దలు కూడా స్వచ్ఛందంగా చేరవచ్చని ఈ మధ్యే తెలిసింది. విమానం నడపడం రాని నాకు అక్కడ ఎలాంటి శిక్షణ దొరుకుతుంది? పై హోదాలు అందుకోగలనా?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: నిరభ్యంతరంగా చేరండి. 1941 డిసెంబరు 1న, పెర్ల్ హార్బర్‌పై దాడికి ఆరు రోజుల ముందు పుట్టి, 1948లో చట్టరీత్యా అమెరికా వైమానిక దళానికి సహాయక సంస్థ అయిన ఈ పట్రోల్‌లో 18 ఏళ్లు నిండిన పౌరులతో పాటు మీలాంటి శాశ్వత నివాసులకూ సభ్యత్వం ఇస్తారు. వేలిముద్రలు తీసుకుని ఎఫ్‌బీఐ ద్వారా పూర్వాపరాలు విచారిస్తారు. జీతం ఉండదు, సభ్యత్వ రుసుము మీరే కట్టుకోవాలి.

పెద్దల శిక్షణ అయిదు లెవెళ్లుగా సాగుతుంది. సంస్థ పరిచయం, భద్రత, కేడెట్ల రక్షణ నియమాలతో కూడిన మొదటి లెవెల్ పూర్తిచేసి, సభ్యులుగా ఆరు నెలలు గడిపితే సెకండ్ లెఫ్టినెంట్ హోదాకు అర్హత వస్తుంది. తరవాత ఏడాదికి ఫస్ట్ లెఫ్టినెంట్, మరో ఏడాదిన్నరకు కెప్టెన్, ఆపై మూడేళ్లకు మేజర్, ఇంకో నాలుగేళ్లకు లెఫ్టినెంట్ కల్నల్ కావచ్చు. అయితే ఇవన్నీ కనీస గడువులు మాత్రమే. ఆయా లెవెళ్ల పాఠాలు పూర్తిచేయాలి, ఎంచుకున్న విభాగంలో బాధ్యత తీసుకుని పనిచేసి చూపాలి, పైవారి ఆమోదమూ పొందాలి. విభాగాన్ని ఎంచుకునేటప్పుడు మీకు చేతనైన పనికన్నా మీ స్క్వాడ్రన్‌లో, అంటే స్థానిక శాఖలో, మనిషి లేక ఆగిపోయిన పనిని ముందు చూడమని నా సలహా. అక్కడ నేర్చుకునేది ఎక్కువ, వాళ్లకు మీ అవసరమూ ఎక్కువ.

హోదాలతో సంబంధం లేకుండా సాగే మరో శిక్షణ ఉంది. నా దృష్టిలో అసలు ఆకర్షణ అదే. తప్పిపోయిన విమానాల గాలింపులో మిషన్ స్కానర్ అనే వ్యక్తి వెనక సీట్లో కూర్చుని నేలను పరిశీలిస్తాడు. దీనికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు. కళ్లను ఏకబిగిన అటూ ఇటూ తిప్పితే ఏదీ ఆనదు కాబట్టి, చూపును ఒక చోట క్షణంపాటు నిలిపి, కొద్దిగా జరిపి, మళ్లీ నిలపడం అభ్యాసం చేయిస్తారు. కూలిన విమానం చాలాసార్లు విమానంలా కనిపించదు. విరిగిన చెట్ల కొనలు, మాడిన నేల, ఎండకు తళుక్కుమనే రేకుముక్క వంటి ఆనవాళ్లే దొరుకుతాయి. వాటిని పోల్చుకోవడం అలవడి స్కానర్ అర్హత సాధించాక, పైలట్ పక్క సీట్లో కూర్చుని రేడియో, దిశానిర్దేశం చూసుకునే అబ్జర్వర్ శిక్షణకు వెళ్లవచ్చు. నేలమీద గాలించే బృందాల్లోనూ, వరదల తరవాత జరిగిన నష్టాన్ని పైనుంచి ఫొటోలు తీసే పనిలోనూ చోటు ఉంటుంది.

హోదా గురించి ఒక్క మాట. అది సంస్థ లోపలి గుర్తింపే, సైన్యంలో ఎవరిపైనా మీకు అధికారం ఇవ్వదు. స్క్వాడ్రన్‌లో సైతం పదవికే పెద్దపీట. కమాండర్ కెప్టెన్ అయినా, ఆయన కింద లెఫ్టినెంట్ కల్నల్ పనిచేయవచ్చు. అందువల్ల భుజంమీది గుర్తుల కోసం తొందరపడకండి. వచ్చే సమావేశానికి అబ్బాయితో పాటు వెళ్లి, కొత్త సభ్యులకు మార్గదర్శిగా ఎవరిని నియమిస్తారో, ఏ విభాగానికి మనుషులు కావాలో, స్కానర్ శిక్షణ ఎప్పుడు మొదలవుతుందో కమాండర్‌ను అడగండి.