రోల్‌ప్లేయింగ్ గేములంటే ఎందుకంత ఇష్టం?

ప్రశ్న: ఆటగాడు ఒక పాత్రగా మారి ఆడే రోల్‌ప్లేయింగ్ వీడియో గేములు పూర్తి చేయడానికి ఎన్నో గంటలు పడుతుంది కదా, అయినా వాటిని అంతగా ఎందుకు ఇష్టపడతారు?

జవాబు: పాత్ర బలాన్ని అంకెల్లో కొలవడం, అనుభవం కొద్దీ స్థాయి పెంచడం వంటి పద్ధతులు వీటికి 1974 నాటి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే బల్లమీది ఆట నుంచి వచ్చాయి. తొలుత తనను ఓడించిన శత్రువును శక్తి కూడగట్టుకొని వచ్చి గెలిచినప్పుడు, పడిన శ్రమకు ఫలితం ఆటగాడికి కళ్లెదుటే కనిపిస్తుంది. అయితే, నా దృష్టిలో అంతకన్నా బలమైన ఆకర్షణ, నిర్ణయాలు మన చేతిలో ఉండటమే. 1985లో రిచర్డ్ గ్యారియట్ రూపొందించిన ‘అల్టిమా 4’ అనే గేములో సంహరించాల్సిన ప్రధాన ప్రతినాయకుడంటూ లేడు, కరుణ, నిజాయితీ, వినయం వంటి ఎనిమిది సద్గుణాలను ఆచరించి చూపడమే అందులో లక్ష్యం కాబట్టి, చూపులేని వ్యాపారికి తక్కువ డబ్బు చెల్లించి మోసగిస్తే ఆటగాడి నిజాయితీ తగ్గిపోతుంది.