హ్యూస్టన్ ఎండల్లో టమాటా పూత నిలవడం లేదు

ప్రశ్న: మేం అమెరికాలోని హ్యూస్టన్‌లో ఉంటున్నాం. మార్చి నెలాఖరులో పెరట్లో నాటిన టమాటాలు మేలో కొద్దిగా కాసాయి. జూన్ వచ్చాక మొక్క ఏపుగానే ఉంది కానీ పూసిన పువ్వు పూసినట్టే రాలిపోతోంది. ఊళ్లో నాన్నగారు ప్లానోఫిక్స్ అనే హార్మోన్ మందు కొట్టమంటున్నారు. కొట్టొచ్చా?
– ఒక గృహిణి

జవాబు: మిరపలో పూత రాలితే ప్లానోఫిక్స్ కొట్టడం మన రైతులకు అలవాటు కాబట్టి నాన్నగారు అలా చెప్పి ఉంటారు. మీ మొక్కలకు దాంతో ఒరిగేదేమీ లేదమ్మా. పగలు 32-35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24 డిగ్రీలకు దిగకపోతే టమాటా పుప్పొడి చచ్చుబడిపోతుంది. జూన్, జులైల్లో హ్యూస్టన్ రాత్రులు చాలావరకు అలాంటివే. దానికి తోడు సముద్రపు తేమకు పుప్పొడి ముద్దకట్టి రాలదు. కింద పడిన పూలు నాలుగు ఏరి చూడండి. తొడిమ మధ్యలో కణుపులాంటి చోట పసుపెక్కి, సరిగ్గా అక్కడే తెగి ఉంటుంది. పురుగు తిన్న జాడ ఉండదు.

మన దగ్గరా వేసవి టమాటాకు మదనపల్లె వైపే చూస్తాం. అది ఎత్తు ప్రాంతం, రాత్రులు కాస్త చల్లబడతాయి. విజయవాడ మేడ మీద మేలో టమాటా ఎవరు కాయిస్తున్నారు?

కాబట్టి ఈ రెండు నెలలూ టమాటా కాపు కోసం తంటాలు పడకండి. నత్రజని ఎరువు ఆపేయండి, ఆకే పెరుగుతుంది. మీకు అక్కడ టమాటా రెండు కార్లు, అంటే ఏడాదికి రెండు పంటలు. ఫిబ్రవరి చివర్లో మంచు భయం తగ్గగానే ఒకటి, జులై చివర నుంచి ఆగస్టు మధ్యలోపు రెండోది. మీరు ఈసారి మార్చి నెలాఖరు దాకా ఆగారు, అక్కడే మూడు, నాలుగు వారాల కాపు పోయింది. రెండో కారుకు నారు కొనక్కర్లేదు. తెగులు లేని మొక్క నుంచి జానెడు పక్క పిలకలు గిల్లి నీడలో తడి మట్టిలో గుచ్చితే వేళ్లు పోసుకుంటాయి. కాయ చిన్నదైనా ఫర్వాలేదంటే చెర్రీ టమాటా వేయండి, వేడికి కాస్త ఓర్చుకుంటుంది.

ఈలోగా గోంగూర, బచ్చలి, బీర, బొబ్బర్లు, బెండ పెట్టుకోండి. ఆ ఉక్కపోత వాటికి పుట్టిల్లే. బెండ వేసే ముందు మాత్రం ఒక పాత టమాటా మొక్క పీకి వేళ్లు చూడండి. బుడిపెలు కనిపిస్తే మట్టిలో వేళ్లను పట్టే నులిపురుగులున్నట్టే, బెండకు అవి ఇంకా త్వరగా పడతాయి. అవి తగ్గడానికి ఆ మడిలో ఈ సీజన్‌కు బంతి ఒత్తుగా వేసి, టమాటా పిలకలు వేరే చోట నాటండి.