చిన్న గదికి క్లాస్ ఏ ఆంప్లిఫైయర్ అవసరమా?

మీ గది 12 అడుగుల పొడవని, స్పీకర్ల సెన్సిటివిటీ (ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో వినిపించే శబ్దం) 86 డెసిబెల్స్ అని, ఏసీ లేదని, ఛానెల్‌కు 20 వాట్ల క్లాస్ ఏ, 80 వాట్ల క్లాస్ ఏబీ ఆంప్లిఫైయర్లలో ఏది కొనాలో తేల్చుకోలేకపోతున్నానని రాశారు. క్లాస్ ఏబీ కొనమనే నేను చెబుతాను.

క్లాస్ ఏలో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు సిగ్నల్ ఉన్నా లేకున్నా కరెంటును లాగుతూనే ఉంటాయి కనుక, సిద్ధాంతరీత్యా కూడా దాని సామర్థ్యం (తీసుకున్న విద్యుత్తులో స్పీకర్‌కు చేరే వంతు) 50 శాతం దాటదు. అంటే మీరు చూసిన స్టీరియో ఆంప్లిఫైయర్ పాట ఆగినప్పుడు సైతం కనీసం 80 వాట్లను వేడిగా వదులుతుంది. మే నెలలో ఆ గదిలో కూర్చుని వినడం కష్టం. పైగా క్లాస్ ఏబీలో ట్రాన్సిస్టర్లు జతగా, వంతులవారీగా సిగ్నల్‌ను మోస్తాయి; మంచి డిజైన్‌లో సిగ్నల్ లేనప్పుడూ పారే చిన్న బయాస్ కరెంటు వాటిని కొద్దిగా తెరిచే ఉంచుతుంది కాబట్టి, తక్కువ శబ్దంలో వీణ వింటున్నంతసేపూ అది క్లాస్ ఏ లాగానే పనిచేస్తుంది. మృదంగంపై గట్టి చాపు పడినప్పుడు మాత్రం 20 వాట్ల కంటే 80 వాట్లు అదనంగా ఇచ్చే 6 డెసిబెల్స్ అక్కరకు వస్తాయి.

ట్రాన్సిస్టర్లను అతివేగంగా ఆన్, ఆఫ్ చేసే క్లాస్ డీ అంటే డిజిటల్ అని మీరు అనుకున్నారు; ఆ పేరులోని డీ, సీ తరువాతి అక్షరం మాత్రమే. 90 శాతం వరకు సామర్థ్యం ఉన్న ఆ తరగతినీ తోసిపుచ్చవద్దు, కాని అవుట్‌పుట్ ఫిల్టర్ (ఆ ఆన్-ఆఫ్ స్పందనలను వడకట్టే భాగం) తరువాత నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకునే, అంటే అక్కడి సిగ్నల్‌ను చూసి తప్పులు దిద్దుకునే డిజైన్‌నే ఎంచుకోండి. లేకపోతే స్పీకర్ ఇంపిడెన్స్‌ను (కరెంటుకు అది చూపే అడ్డును) బట్టి పై స్థాయి స్వరాల తీరు మారిపోతుంది. దుకాణంలో పోల్చేటప్పుడు రెండు ఆంప్లిఫైయర్ల శబ్దస్థాయినీ మీటరుతో సమానం చేయించండి. కొద్దిగా బిగ్గరగా మోగేదే బాగున్నట్లు చెవికి తోస్తుంది.