దొంగ తలలో రెండో కాపురం

అమ్మాయ్,

నీ మూడు అధ్యాయాలూ అందాయి. రాత్రి ఒక్క బిగిన చదివేశాను. పొద్దున్నే పెన్సిల్ పట్టుకుని మళ్లీ మొదలుపెట్టాను. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను, తర్వాత అలగకూడదు.

ఊహ బాగుంది. ఎవరివల్లా కాని దొంగతనాలు చేసే సూపర్ విలన్ ఒకడు. పాత సమాధిలోంచి వాడు ఎత్తుకొచ్చిన రాతిపెట్టెతో పాటు, వేల ఏళ్లుగా అందులో పడి ఉన్న వినాశక ఆత్మ ఒకటి వాడి తలలోకి చేరింది. ఇంతవరకు నాకు పేచీ లేదు. కానీ నువ్వు దాన్ని పూనకంలా రాశావు. కళ్లు ఎర్రబడతాయి, గొంతు మారిపోతుంది, గోడలు కూలతాయి, తెల్లారేసరికి వాడికి ఏమీ గుర్తుండదు. పూనకం వేరు, కాపురం వేరు. పూనకంలో ఒకళ్లు లేచి ఉంటే రెండోవాళ్లు ఉండరు. కాపురంలో ఇద్దరూ మెలకువగానే ఉంటారు. ఒకరి మాట ఒకరికి వినబడుతూనే ఉంటుంది, అలిగి తలుపేసుకుందామంటే రెండో గది లేదు. నువ్వు రాద్దామనుకున్నది ఈ రెండోదేనని నీ ఉత్తరం చూస్తే అర్థమైంది. పేజీల్లోకి మాత్రం మొదటిది వచ్చింది.

అసలు ఆ ఇద్దరికీ గొడవ ఎక్కడ? నాకు దొరకలేదు. దొంగ చెడ్డవాడు, ఆత్మ ఇంకా చెడ్డది. అంతే. ఒకే రంగు, ఒకచోట కాస్త ముదురు. కానీ దొంగ బతుకు ఎలాంటిదో ఒకసారి ఆలోచించు. లోకం పదిలంగా ఉంటేనే వాడికి పని. వజ్రం కొట్టేస్తే దాని కోసం గుండెలు బాదుకునే సొంతదారు ఉండాలి, కొనడానికి ఒకడు ఉండాలి, మర్నాడు పేపర్లో పడాలి, పోలీసులు తలలు పట్టుకోవాలి. మనుషులు తాళాలు వేసుకోవడం మానేసిన రోజున వాడి పనితనం ఎవడికి కావాలి? ఆత్మకు ఇవేవీ పట్టవు. వజ్రం, బొగ్గు, సొంతదారు, మూడూ దానికి ఒకటే. అంటే నీ కథలో ఈ లోకం ఇలాగే ఉండాలని అందరికంటే గట్టిగా కోరుకోవలసినవాడు ఆ విలనే. ఈ సంగతి నువ్వు గమనించినట్టు లేదు. గమనించి ఉంటే రెండో అధ్యాయంలో మ్యూజియం తగలబడుతుంటే వాడు నవ్వడు.

1911 ఆగస్టులో లూవ్ర్ మ్యూజియంలోంచి మోనాలిసా పోయింది. బొమ్మ లేని ఆ ఖాళీ గోడను చూడటానికి జనం బారులు తీరారు. కొట్టేసిన విన్సెంజో పెరూజా రెండేళ్లకు పైగా దాన్ని దాచుకుని, 1913 డిసెంబర్‌లో ఫ్లోరెన్స్‌లో అమ్మబోయి దొరికిపోయాడు. అంత పేరున్న బొమ్మను బజార్లో పెట్టగలమా? నాకు ఆ దొంగతనం కంటే ఆ రెండేళ్ల మీదే మనసు పోతుంది. చెమ్మ తగులుతుందేమో, నిప్పు రవ్వ పడుతుందేమో అని ఎన్నిసార్లు లేచి చూసుకుని ఉంటాడు! ఇప్పుడు అలాంటివాడి తలలో ఒక గొంతు పెట్టు. రాత్రి మూడు గంటలకు, అరవకుండా, మామూలుగా, "కాల్చెయ్" అంటుంది.

ఇంకొకడు స్టెఫాన్ బ్రైట్‌వీజర్. 1995 నుంచి 2001 దాకా యూరప్ మ్యూజియాల్లో రెండు వందలకు పైగా కళాఖండాలు ఎత్తేశాడు. అమ్మడానికి కాదు, కళ్లెదుట పెట్టుకుని చూసుకోవడానికి. వాడు పట్టుబడ్డాక తల్లి వాటిలో చాలావాటిని కాలవలో పారేసింది, పెయింటింగులను నాశనం చేసింది. ఆ కబురు వాడికి చేరిన క్షణం రాయగలిగితే నీ కథకు ప్రాణం వచ్చినట్టే. నీ దొంగకు ఆ కబురు బయటినుంచి రాదు, పాడుచేసింది వాడి చేతులే. గోళ్లలో రంగు పొట్టు కనిపిస్తుంది.

అరణ్యపర్వంలో నలుడి కథ చిన్నప్పుడు విన్నదే కదా అని వదిలెయ్యకు, మళ్లీ తీసి చదువు. నీ కథకు దానికంటే పెద్ద పాఠం ఇంకోటి లేదు. నలుడిలో దూరడానికి కలి పన్నెండో ఏడు దాకా కాచుకుని కూర్చున్నాడు. చివరికి దొరికిన సందు ఏమిటి? కాళ్లు కడుక్కోకుండా సంధ్య వార్చాడు, అంతే. అంతటి కలికీ ఒక చిన్న ఏమరుపాటు కావలసి వచ్చింది. నీ దొంగ ఏం ఏమరాడు? పెట్టె ముట్టుకుంటే ఆత్మ వచ్చేసింది అని రాశావు. అలాగైతే ఆ సమాధి ఊడ్చేవాడిలోనూ దూరి ఉండేది. పని అయిపోయాక, చేతిలో సరుకు ఉండగా, అక్కర్లేకపోయినా ఇంకొక్కటి తీసుకుందామనే చాపల్యం ఉంటుందే, అలాంటిదేదో చూడు.

అడవిలో దమయంతి నిద్రపోతోంది. నలుడు సగం చీర కోసుకుని వెళతాడు, మళ్లీ వస్తాడు, చూసి ఏడుస్తాడు, మళ్లీ వెళతాడు. వాడి గుండె రెండుగా చీలినట్టయి ఉయ్యాలలా పోతూ వస్తూ ఉందని ఉంటుంది అక్కడ. లాగేది కలి, వెనక్కి తిప్పేది ప్రేమ. ఆ ఘట్టంలో కలి ఒక్క మాట మాట్లాడడు, గమనించావా? పని అంతా నలుడి కాళ్లే చేస్తాయి. నీ మూడు అధ్యాయాల్లో నీ ఆత్మ ఎన్నిసార్లు గర్జించిందో లెక్కపెట్టాను, పదిహేడుసార్లు. సగానికి సగం కొట్టెయ్, వాటి బదులు కాళ్లకు పని చెప్పు.

తర్వాత కర్కోటకుడు కాటేస్తే ఆ విషం బాధ నలుడికి కాదు, లోపలున్న కలికి. చివరికి వదిలించింది కూడా మంత్రగాడు కాదు. నలుడు ఏ జూదంలో పాడయ్యాడో ఆ పాచికల మర్మమే ఋతుపర్ణుడి దగ్గర నేర్చుకున్నాడు. అప్పుడు కలి విషం కక్కుకుంటూ బయటికి వచ్చి తాండ్రచెట్టులో దూరాడు. నువ్వేమో చివర్లో ఎవరో మహానుభావుడు వచ్చి తాయెత్తుతో ఆత్మను బంధిస్తాడని రాసి పంపావు. వద్దమ్మా. నీవాడు దొంగ. వాడికి వచ్చిన విద్య దొంగతనం. తలలో ఉన్నదాని దగ్గర కొట్టెయ్యదగినది ఏముందో కనిపెట్టు, ముగింపు అదే వస్తుంది.

ఒక చిన్న పేచీ. కాపలావాణ్ని చంపింది ఆత్మ, పసిపిల్లను బెదిరించింది ఆత్మ, స్నేహితుణ్ని మోసం చేసిందీ ఆత్మే. పాపాలన్నీ దాని ఖాతాలో రాసేసి మనవాణ్ని శుభ్రంగా తుడిచిపెట్టావు. అప్పుడు వాడు విలన్ ఎలా అవుతాడు, రోగి అవుతాడు. వాడు చేసే అతి నీచమైన పని ఆత్మ నిద్రపోతున్నప్పుడు చేయించు.

ఇక గొంతు సంగతి. ఇది నా సొంత దెబ్బ కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. నీ వయసులో నేనూ ఇలాంటి కథే రాశాను, ఒకే మనిషిలో ఇద్దరు. రెండోవాడి మాటలన్నీ బోల్డ్‌లో వెయ్యమని కోరుతూ ఒక పత్రికకు పంపాను. అచ్చులో బోల్డ్ పోయింది. మొత్తం ఒకటే అక్షరం. ఎవరు మాట్లాడుతున్నారో తెలియక చదివినవాళ్లు జుట్టు పీక్కున్నారు. పత్రికవాళ్లను నెలరోజులు తిట్టుకున్నాక తెలిసింది, తప్పు నాదే. అచ్చు తేడా తీసేస్తే ఇద్దరూ ఒక్కలాగే మాట్లాడుతున్నారు.

నువ్వు దీనికి ఇంకో దారి పట్టావు, ఆత్మ చేత గ్రాంథికం మాట్లాడించావు. "ఓరీ మానవాధమా!" అనగానే నాకు గద, కిరీటం కనిపించాయి, భయం వెయ్యలేదు. ఆలోచించు, దానికి సొంత నోరు లేదు, సొంత భాష ఏనాడో చచ్చిపోయింది. వాడి తలలో ఉన్న మాటలే ఏరుకుని మాట్లాడాలి. అంటే ప్రళయం గురించి కూడా దొంగల మాటల్లోనే చెప్పాలి. "ఊరంతా ఒక తలుపు, గడియ ఎక్కడుందో నాకు తెలుసు" అంటే గర్జన అక్కర్లేదు.

మన భాషలో ఇంకో సదుపాయం ఉంది. ఎదుటివాణ్ని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. దొంగ ఒంటరిగా వచ్చి, తన మనిషితో "రేపు మేము వస్తాం" అన్నాడనుకో. ఆ మనిషి వాడి వెనక ఎవరున్నారా అని చూస్తాడు. అంతకంటే వర్ణన ఎందుకు? మనం, మేము అనే మాట తీసేస్తే ఇంకా బాగుంటుంది, క్రియ రెండింటికీ ఒకటే. వస్తాం, తీశాం, చంపాం. ఎవరెవరం? పాఠకుడు ఆగి వెనక్కి వెళ్లి చూసుకోవాలి.

నీ లాకర్ గది సీను తీసుకుని కాస్త మార్చి చూశాను. ఒక్క సంగతి తెలిసి మార్చాను. 1860ల్లో లైనస్ యేల్ పేటెంట్ తీసుకున్న పిన్ను తాళం ఉందే, ఇప్పటికీ తలుపులకు వాడేది, దాని కిటుకు కొత్తది కాదు. ప్రాచీన ఈజిప్టులో చెక్క తాళాలూ ఇలాగే పనిచేసేవి. పిన్నులు జారి గడియను పట్టుకుంటాయి, తాళంచెవి వాటిని పైకి లేపుతుంది. అంటే ఈ నగరంలో ఏదీ తెలియని ఆ ఆత్మకు తాళం మాత్రం తెలుసు.

నాలుగో పిన్ను లేవలేదు. చెమటకు ఊచ జారింది.
ఇది నాకు తెలుసు, అంది.
"నోర్ముయ్."
అప్పుడు చెక్కతో చేసేవాళ్లు.
వాడు ఊపిరి బిగబట్టి మళ్లీ ఎత్తాడు. టిక్. తలుపు కదిలింది. తీశాను, అనుకున్నాడు.
తీశాం, అంది.

నాది గొప్పగా ఉందని కాదు. దీనిలో ఎవరూ గర్జించలేదని చూపించడానికి రాశాను.

ఆత్మకు ఏ శక్తులు ఉండాలి, ఎన్ని గంటలు నిద్రపోవాలి, ఒకరి కల ఇంకొకరికి కనిపిస్తుందా అని రెండు పేజీల నిండా అడిగావు. నీ ఇష్టం. ఒక నియమం పెట్టుకుంటే మధ్యలో మార్చకు. అంతకుమించి దాని గురించి టెన్షన్ పడకు.

లాకర్ సీను, మ్యూజియం సీను మళ్లీ రాసి పంపు. చిత్తుప్రతిలో బహువచనం క్రియ వచ్చిన ప్రతిచోటా పెన్సిల్‌తో సున్నా చుట్టి, అందులో ఎవరెవరు ఉన్నారో పక్కన రాసుకో. నాకు పంపే కాపీలో మాత్రం ఆ సున్నాలు కనబడకూడదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు