ర్యామ్ దిగట్లేదు, తేదీ నిలవట్లేదు

ప్రశ్న: మా కొబ్బరి కొట్టులో 2009లో కొన్న కంప్యూటర్ ఉంది, విండోస్ 7. స్లో అయిందని 2 జీబీ ర్యామ్ తెచ్చాం. 240 పిన్నులని లెక్క చూసుకునే కొన్నాం, అయినా స్లాట్‌లో దిగట్లేదు. రాత్రి కొట్టు కట్టేసి మెయిన్ ఆపేస్తే, పొద్దున్నకి తేదీ మళ్లీ 2009కి పోతోంది. బ్యాంకు సైట్‌లో హెచ్చరిక వస్తే దాటేసి లాగిన్ అవుతున్నాను. అదీ ర్యామ్ వల్లేనా?
- అంబాజీపేట నుంచి ఓ పాఠకుడు

జవాబు: డీడీఆర్2, డీడీఆర్3 అనేవి ర్యామ్‌లో రెండు రకాలు, రెండిటికీ పిన్నులు 240యే. గాటు ఉండే చోటు వేరు, వోల్టేజీ కూడా వేరు (1.8, 1.5). బలవంతంగా నొక్కకండి, స్లాట్ విరుగుతుంది. పాత స్టిక్ మీది స్టిక్కర్‌లో పీసీ2 అని ఉంటే డీడీఆర్2, పీసీ3 అని ఉంటే డీడీఆర్3. దాన్నే జేబులో వేసుకుని షాపుకెళ్లండి.

తేదీ గొడవ ర్యామ్‌ది కాదు. ర్యామ్ కరెంటు పోగానే అన్నీ మరిచిపోతుంది, దాని పనే అంత. గడియారం, బయోస్ (కంప్యూటర్‌ని మొదట లేపే ప్రోగ్రామ్) సెట్టింగులు ఉండేది సీమాస్ అనే చిన్న మెమరీలో. మీరు మెయిన్ ఆపాక దాన్ని బతికించేది బోర్డు మీది సీఆర్2032 బిళ్ల సెల్ ఒక్కటే. అది అయిపోయింది. పొద్దున్నే తెర మీద ‘ఎఫ్1 నొక్కండి’ అని కూడా వస్తూ ఉండాలి. చాలా బోర్డులు అంతవరకే చెబుతాయి, సెల్ మార్చమని ఒక్క ముక్క అనవు. జనం ఏళ్ల తరబడి ఎఫ్1 నొక్కుతూనే ఉంటారు. ఇదేం డిజైనో!

నాకు టెన్షన్ పెట్టేది మాత్రం మీ ‘దాటేసి’ అన్న మాట. ప్రతి సైట్‌కీ తను అసలుదేనని చూపే సర్టిఫికెట్ ఉంటుంది, అది ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా చెల్లుతుంది. మీ కంప్యూటర్ ఇంకా 2009లోనే ఉంది కాబట్టి, బ్యాంకు సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు. ఇవాళ్టి హెచ్చరిక అందుకు. రేపు ఎవడో నకిలీ పేజీ పెట్టినా ఇలాంటి తెరే వస్తుంది, అలవాటైన వేలు ఆలోచించకుండా అక్కడే నొక్కుతుంది. ఇలా రాసేవాళ్లలో మీరు మొదటివారేం కాదు.

ప్లగ్ పీకి సెల్ మార్చండి, తేదీ సరిచేయండి. అయినా బ్యాంకు పని ఆ కంప్యూటర్‌లో వద్దు. విండోస్ 7కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి. కొట్టు లెక్కలకైతే వాడుకోండి. పాస్‌వర్డ్ మాత్రం ఇవాళే, మీ ఫోన్‌లోంచి మార్చేయండి.