క్రైస్తవులు పర్ణశాలల పండుగ చేయడమేంటి? అది యూదులది కదా, మిషనరీలు నేర్పారా?

మిషనరీలు నేర్పింది కాదు. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హైయర్ నాటి నుంచి ఇక్కడి సంఘాలకు అలవాటైనవి క్రిస్మస్, గుడ్ ఫ్రైడే, ఈస్టర్. ఇప్పుడు కొందరు చేసుకునేదానికి ఆధారం బైబిల్లోని లేవీయకాండము 23: యూదుల పంచాంగంలో ఏడో నెల ఒకటిన బూరల పండుగ, పదిన ప్రాయశ్చిత్త దినం, పదిహేను నుంచి ఏడు రోజులు పర్ణశాలలు, అంటే ఆకుల పందిళ్లలో ఉండే పండుగ. యేసు కూడా ఈ పండుగకు వెళ్లాడని యోహాను 7లో ఉంది కాబట్టి మనమెందుకు మానాలి అంటారు వాళ్లు. పండుగల విషయంలో ఎవరూ మీకు తీర్పు తీర్చకూడదనే కొలొస్సయులకు 2:16 చూపించి అక్కర్లేదనే పాస్టర్లూ ఉన్నారు. రక్షణకు షరతుగా పెట్టనంతవరకు నాకైతే అభ్యంతరం కనిపించదు.

మేడ మీద నాలుగు వాసాలు నిలబెట్టి, పైన తాటాకులో కొబ్బరి మట్టలో పరిస్తే పర్ణశాల సిద్ధం. యూదుల పద్ధతిలో కప్పులోంచి చుక్కలు కనబడాలి. మన దగ్గర అక్టోబరులో టెన్షనంతా దాంతోనే: వాయుగుండం పట్టిందంటే అర్ధరాత్రి పక్కలు చుట్టుకుని కిందికి దిగాల్సిందే.

చాంద్రమానం కాబట్టి చాలా ఏళ్లు ఇవి దసరా రోజుల్లోనో ఆ చుట్టుపక్కలో పడతాయి. 2025లో ప్రాయశ్చిత్త దినం, విజయదశమి రెండూ అక్టోబరు 2నే. ఆ వారం విజయవాడ బస్టాండులో సీటు దొరకడం మీ అదృష్టం.

అన్నట్టు, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలోని బెనే ఎఫ్రాయిము వాళ్లు (తాము యూదులమని చెప్పుకునే తెలుగువాళ్లు) ఈ పండుగలను యూదులుగానే చేసుకుంటారు. వాళ్లను ఈ లెక్కలో కలపకండి.