సంతలో చూడాల్సింది కాటా

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. విశాఖ చుట్టాలను బుధవారం చాటికోన సంతకు తీసుకెళ్లాం. నియమగిరి కొండల్లో ఉండే డోంగ్రియా కోందు ఆదివాసీ ఆడపిల్లలు నైలాన్ చీరల్లో, సెల్‌ఫోన్లతో కనబడేసరికి "అయ్యో, వీళ్లూ మనలా అయిపోయారు" అన్నారు. నాకూ మనసు చివుక్కుమంది. ఈ బాధ సబబేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: బాధలో ప్రేమ ఉందమ్మా, కాదనను. కానీ మీవాళ్లు చూడాలనుకున్న ఆ పాత అలంకారాన్నే దగ్గరగా చూడండి. జుట్టులో వరసగా గుచ్చుకునే క్లిప్పులు, మెడనిండా పూసలు సంతలో కొన్నవే. 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన వాళ్ల కపడాగండా శాలువాకి ముతక తెల్లబట్ట నేసేది పక్కనే ఉండే డోంబు కులంవాళ్లు. అది కొనుక్కొని డోంగ్రియా ఆడవాళ్లు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కొండల గుర్తుగా త్రికోణాలు కుడతారు. ఒక్కోదానికి నెలలు పడుతుంది.

నైలాన్ చీర ఎందుకంటారా? వానాకాలం కొండమీద ముతక నూలుబట్ట ఓ పట్టాన ఆరదు, నైలాన్ పూటలో ఆరుతుంది. ఊట నుంచి నీళ్లు మోసేవాళ్లకు ప్లాస్టిక్ బిందె తేలిక, జారినా పగలదు. మన ఇళ్లలో కుండలు పోయిందీ అందుకే కదా.

కట్టు మారితే కొండమీద భక్తి పోదు. వాళ్లు దేవుడిగా కొలిచే నియమగిరిని తవ్వనివ్వాలా వద్దా అని 2013లో సుప్రీంకోర్టు తీర్పు మేరకు అక్కడ 12 పల్లిసభలు (గ్రామసభలు) జరిగాయి. పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి.

నాకు కడుపు మండేది పసుపు దగ్గర. పంట నేలలో ఉండగానే షావుకారు అప్పిస్తాడు, తవ్వగానే గంప లెక్కన పట్టుకుపోతాడు. 5 కిలోల పచ్చి పసుపు ఉడికించి ఎండబెడితే సుమారు కిలో అవుతుంది. దానికి పెద్ద డేగిసా, కట్టెలు, 10-15 రోజుల ఎండ కావాలి. అప్పున్నవాళ్లు అన్నాళ్లు ఆగలేక పచ్చిదే ఇచ్చేస్తారు. ఎండుకొమ్ము ధర పట్నంలో ఎంతుందో కనుక్కోవడానికి ఆ సెల్‌ఫోనే దిక్కు, దాన్ని చూసి నొచ్చుకోకండి. వాయిదాల మీద కొన్న మోటారుసైకిల్ మాత్రం చిక్కే: పంట డబ్బు ఏడాదికోసారి, వాయిదా నెలనెలా. మూడు నెలలు తప్పితే మళ్లీ ఆ షావుకారే.

ఈసారి వెళ్తే అడిగి ఫొటో తీయండి, వద్దంటే వదిలేయండి. శాలువా కొనేముందు తిరగేసి చూడండి: చేతికుట్టయితే వెనక ముళ్లు, దారపు కొసలు కనిపిస్తాయి. తొలిసారి విడిగా, చన్నీళ్లలో జాడించండి, రంగు దిగొచ్చు. పసుపు, అల్లం కొంటే గంపగుత్తగా వద్దు, కాటా వేయించి కొనండి.